ఏదీ అడగని ఎవారిస్త్ బూర్దల్

ఎవారిస్త్ బూర్దల్ తన జన్మలో ఒక్క పదవి కూడా అడగలేదు. ఈ సంగతి సాన్‌బజీల్ ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియకేం, ఆయనే అందరికీ చెప్పాడు. పెళ్ళిళ్ళలో చెప్పాడు, సమాధుల దగ్గర చెప్పాడు, అక్రోటు కాయల సంతకు రిబ్బను కత్తిరిస్తూ చెప్పాడు. "నేను అడగలేదు, మీరే బలవంతపెట్టారు" అన్న మాట ఆయన నోట్లో ఎంతగా నానిందంటే, కఫే నడిపే మార్సియాల్ ఆయన ముందు గ్లాసు పెడుతూ, "నువ్వు అడగలేదని తెలుసులే, తాగు" అనేవాడు.

వృత్తి ట్రాక్టర్ల మరమ్మతు. ఊరి చివర రేకుల షెడ్డు, పక్కనే ఇల్లు, ఇంట్లో భార్య హ్యుగెట్. ఎంత తోమినా నూనె నలుపు వదలని చేతులు ఆయనవి. ఆ చేతులు ఊపుతూ మాట్లాడితే జనానికి నమ్మకం కుదిరేది. బూడిదరంగు మీసం ఒకటి ఉండేది. తర్వాత ఆయనకు పట్టిన అదృష్టంలో సగం వాటా ఆ మీసానిదే.

మొదటిసారి మేయరైన వైనం ఆయన చెప్పే తీరు ఒకటి, హ్యుగెట్ చెప్పే తీరు మరొకటి. పాత మేయరు మోకాళ్ళ నొప్పులతో సముద్రం ఒడ్డున కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మేయరంటే ఏముంది, కుక్కల తగాదాలు, మురుగు కాలవలు, పక్కవాడి కంచె నా పొలంలోకి జానెడు వచ్చిందనే ఏడుపులు. కౌన్సిల్ సమావేశం జరిగిన సాయంత్రం బూర్దల్ అక్కడ లేడు. ఒక ట్రాక్టరు కింద దూరి ఉన్నాడు. కౌన్సిలర్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, అక్కడ లేనివాడు కాదనలేడు కదా అని ఆయన పేరే పెట్టెలో వేసి, కబురు చెప్పి రమ్మని రోజ్‌లిన్ దెల్మాను పంపారు. రోజ్‌లిన్ అప్పటికి కొత్త కౌన్సిలరు. అంగులేం పట్నం నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి, మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పే మనిషిగా పేరు తెచ్చుకుంది.

"ఎవారిస్త్, బయటికి రావయ్యా. నిన్ను మేయరును చేశాం."

"నన్నా? నేను అడగలేదే!"

ఆ మాటతో పాటే ట్రాక్టరు కిందినుంచి జారుకుంటూ వచ్చేశాడు. ఇది ఆయన కథ. హ్యుగెట్ దానికో తోక తగిలిస్తుంది. "ఆ ట్రాక్టరుకు ఇంజనెక్కడిదమ్మా? ముందు వారమే ఊడదీసి బల్లమీద పెట్టాడు. మరి కింద దూరి ఏం బాగుచేస్తున్నట్టు? పైగా పని బట్టల లోపల ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేశాను, నాకు తెలీదా?"

మేయరైతే మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. అడవిలోంచి నిటారైన పైన్ చెట్టొకటి కొట్టుకొచ్చి, కొసన జుట్టులాగా నాలుగు కొమ్మలు వదిలి, తక్కింది చెక్కి, మూడు రంగుల జెండాలు కట్టి, "మా మేయరుకు జేజేలు" అని పలక వేలాడదీసి, ఆ మనిషి వాకిట్లో పాతుతారు. పేరుకు మే మాను అంటారుగానీ ఏ నెలలోనైనా పాతుతారు. పాతినవాళ్ళందరికీ ఆ ఇంటాయన తిండీ తాగుడూ పెట్టుకోవాలి. పాతాక ఎవరూ పీకకూడదు, నరకకూడదు, దానంతటది కుళ్ళి పడిపోవలసిందే. పదవి పోయినా పలక పోదన్నమాట. అలా బూర్దల్ వాకిట్లో మొదటి మాను లేచింది.

మేయరుగా ఆయన ఎవరినీ నొప్పించలేదు. ఇద్దరు తగాదాకొస్తే ఇద్దరిదీ న్యాయమే అనేవాడు. కాగితం పెడితే సంతకం పెట్టేవాడు. చదవమంటే, "నమ్మకం లేకపోతే పాలన ఎలా సాగుతుంది?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. చర్చి గంట పావుగంట ఆలస్యంగా కొడుతోందని ఎవరో ఫిర్యాదు చేస్తే, ఊరంతా ఒకేలా ఆలస్యమైనప్పుడు అది ఆలస్యం కింద రాదని తీర్పు చెప్పాడు. ఊరికి ఆ తీర్పు తెగ నచ్చింది.

కొన్నేళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి పెట్టుకున్న సంఘంలో ఆయన్ను చెత్త విభాగానికి ఉపాధ్యక్షుణ్ణి చేశారు. అదీ అడగలేదు. సమావేశంలో ఆవలిస్తూ చెయ్యి పైకెత్తితే ఒప్పుకున్నాడనుకున్నారట. ఆవలింతకు ఎవరైనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారుగానీ తలమీదికి ఎత్తుతారా అని మార్సియాల్ అడిగాడు. పసుపు మూత డబ్బాలో ఏం వెయ్యాలి, ఆకుపచ్చ మూత డబ్బాలో ఏం వెయ్యాలి అని వేసవంతా ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. చెత్త దారిన చెత్త పోయింది, ఉపన్యాసం ఎలా ఇవ్వాలో ఆయనకు పట్టుబడింది.

ఆ ఉపన్యాసాల్లో ఒకచోట సోలాంజ్ కర్వెలియే అనే పట్నపు లాయరమ్మ కంటబడ్డాడు. ఆవిడ పార్లమెంటుకు పోటీ చేస్తోంది. మా దేశంలో పార్లమెంటుకు నిలబడే ప్రతివాళ్ళూ ఒక బదులు మనిషిని కూడా వెంటేసుకుని నిలబడాలి. గెలిచినవాళ్ళు పోయినా, మంత్రి అయినా ఆ బదులు మనిషి వచ్చి ఆ సీట్లో కూర్చుంటాడు. ఆవిడ పట్నం మనిషి, లాయరు, బూట్లకెప్పుడూ మట్టి అంటలేదు. పోస్టరులో పక్కన నిలబడ్డానికి పల్లెటూరి వాసన తగిలే మగమనిషి కావాలి.

"బూర్దల్ గారూ, మీ మీసం నిజమైనదేనా?" అని అడిగింది.

"పుట్టినప్పటినుంచీ ఉందమ్మా."

"అయితే మీరే. ఫొటో ఒక్కటి చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు."

ఇంటికొచ్చి హ్యుగెట్‌తో, "నేను అడగలేదు" అని మొదలుపెట్టాడు. "తెలుసు, మీసాన్ని అడిగారు" అందావిడ.

కర్వెలియే గెలిచింది. గెలిచిన ఏడాదికే ఆవిణ్ణి నదులూ కాలవల మంత్రిని చేశారు. ఆ సీటు బూర్దల్‌కు వచ్చిపడింది. వచ్చింది గానీ, దానికో ముడి ఉంది. పార్లమెంటు సభ్యుడు మేయరుగా ఉండకూడదని చట్టం. నెల తిరిగేలోగా మేయరు కుర్చీ వదలాలి. ఊళ్ళో మామూలు కౌన్సిలరుగా ఉండొచ్చు, అంతే. ఇంకో ముడి కూడా ఉంది. కర్వెలియే మంత్రి పదవి ఎప్పుడు ఊడితే, ఆ తర్వాత నెలకు తన సీటు తనకొచ్చేస్తుంది. బదులు మనిషి లేచి టోపీ తీసి వెళ్ళిపోవలసిందే. ఈ రెండో ముడి గురించి బూర్దల్ పెద్దగా ఆలోచించలేదు. మంత్రులు కలకాలం ఉంటారని ఆయన నమ్మకం.

అప్పటికి రోజ్‌లిన్ మొదటి ఉపమేయరు. తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు.

"కుర్చీ జాగ్రత్త, రోజ్‌లిన్."

"కుర్చీకేం రోగం? నాలుగు కాళ్ళూ బాగానే ఉన్నాయి."

"అది కాదు. నేను తిరిగొచ్చేదాకా…"

"వస్తే ఇచ్చేస్తాను. మాటంటే మాటే. కాపలాదారుకి జేజేలెందుకు, నా వాకిట్లో మాను కూడా పాతొద్దని చెప్పాను. సరేనా?"

మాను మాత్రం బూర్దల్ వాకిట్లో రెండోది లేచింది. "మా పార్లమెంటు సభ్యుడికి జేజేలు." బాతు మాంసం వేపుళ్ళు, పుట్టగొడుగుల ఆమ్లెట్లు పళ్ళేలకొద్దీ లేచిపోతుంటే హ్యుగెట్ మొగుణ్ణి వంటింట్లోకి లాగింది.

"వీళ్ళందరూ నీకు ఓటేశారా?"

"నాకెవరూ వెయ్యలేదు. కర్వెలియేకి వేశారు."

"మరి మన వైన్ ఎందుకు తాగుతున్నారు?"

ఈ ప్రశ్నకు రాజ్యాంగంలో జవాబు లేదు.

పారిస్‌లో ఆయన సీటు బాగా పైవరసలో, గోడకు ఆనుకుని ఉంది. అక్కడినుంచి మాట్లాడేవాళ్ళ బట్టతలలు బాగా కనిపించేవి. సభలో ఆయన పేరు ఎవరికీ పట్టలేదు. "కర్వెలియే గారి బదులు" అనేవారు. ఒకాయన మరీ మర్యాదస్తుడు, "బదులు గారూ" అని పిలిచేవాడు. బూర్దల్ నొచ్చుకోలేదు. సభ్యులు తినడానికీ తాగడానికీ అక్కడో చోటుంది. సన్నటి గ్లాసులు, వేడివేడి రొట్టె, అద్దాల గోడలు. ఆ చోటులో ఆయన దేశసేవ బాగా చేశాడు. పెద్ద పదవివాళ్ళు భుజంమీంచి అడ్డంగా మూడు రంగుల పట్టీ కట్టుకుంటారు. మేయరు పట్టీలో నీలం రంగు మెడవైపు రావాలి, పార్లమెంటు సభ్యుడి పట్టీలో ఎరుపు మెడవైపు రావాలి. హ్యుగెట్ ఆ కొత్త పట్టీ ఇస్త్రీ చేస్తూ, "పాతదాన్నే తిరగేసి కట్టుకుంటే పోయేదిగా" అంది. పెద్దగా చదువు లేని మనిషి రాజనీతి సారమంతా ఒక్క ముక్కలో చెప్పేసిందని ఆయనకు తట్టలేదు.

రోజూ పొద్దున్నే పత్రిక తిరగేసి కర్వెలియే బొమ్మ కోసం వెతికేవాడు. నవ్వుతున్న బొమ్మ ఉంటే కాఫీ రుచించేది. ఆవిడ తుమ్మిందని రాస్తే ఈయనకు ఒళ్ళు వెచ్చబడేది. కన్నతల్లి బాగు కూడా ఆయన అంతగా కోరుకోలేదని హ్యుగెట్ అంటుంది.

ఇంతలో మా ఊరి వాగుమీద వంతెన వరదకు ఒకపక్క కుంగింది. పాలబండి కొండ చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. సరిగ్గా నదులూ కాలవల మంత్రికి సంబంధించిన వ్యవహారం. సరిగ్గా మన మనిషే సభలో ఉన్నాడు. ఊరంతా, "ఇంకేం, ఒక్క మాట అడిగేస్తే సరి" అనుకుంది. నెలల తరబడి కాచుకున్నాక బూర్దల్‌కు మంత్రుల్ని ప్రశ్నించే వంతు వచ్చింది. రెండు నిమిషాలు, టీవీలో ప్రత్యక్షంగా. మార్సియాల్ కఫేలో ఆ మధ్యాహ్నం కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్టెక్కారు.

బూర్దల్ వంతెన ప్రశ్న కాగితంమీద రాసుకునే వెళ్ళాడు. పార్టీ తరఫున సభ్యుల్ని కాసే కళ్ళజోడు పెద్దమనిషి దాన్ని తీసుకుని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, వేరే కాగితం చేతికిచ్చాడు. "మన మంత్రిని మనమే ఇబ్బంది పెడతామా, బదులు గారూ?"

టీవీలో ఎవారిస్త్ బూర్దల్ లేచాడు. మీసం సర్దుకున్నాడు. "మంత్రి గారూ, మన నదుల కోసం మీరు ఇంత చక్కగా, ఇంత అలుపెరక్కుండా ఎలా పాటుపడుతున్నారో దయచేసి సభకు వివరించగలరా?" అని అడిగి కూర్చున్నాడు. మంత్రి వివరించింది. మా ఊరి పేరు రాలేదు.

కఫేలో కిటికీ గట్టెక్కినవాళ్ళు ఒక్కొక్కరే కిందికి దిగారు. తర్వాత మార్సియాల్, "గొంతు బాగుంది" అన్నాడు.

శనివారం ఆయన ఊరికొస్తే కఫే గుమ్మంలోనే పట్టుకున్నారు.

"ఏమయ్యా, వంతెన సంగతి అడిగావా?"

"సమయం చాల్లేదు."

"రెండు నిమిషాలిచ్చారుగా!"

"పొగడ్తకే సరిపోయుంటుందిలే పాపం, పెద్ద మంత్రి కదా" అన్నాడు మార్సియాల్.

"మీకు తెలీదు. అక్కడ అడగడానికో పద్ధతుంటుంది. ముందు పొగడాలి, తర్వాత అడగాలి."

"ఆ తర్వాత ఎప్పుడొస్తుంది?"

అది రాలేదు. ఒక వేసవి సాయంత్రం కర్వెలియే టీవీలో మాట్లాడుతూ, నిజమైన నది పారిస్‌లో పారేదొక్కటే, మిగతావన్నీ తడిగా ఉండే పల్లాలు అనేసింది. నవ్వు కోసం అన్నానని తర్వాత చెప్పుకుంది. తక్కిన దేశానికి నవ్వు రాలేదు. వారం తిరక్కుండా మంత్రివర్గం మార్చినప్పుడు ఆవిడ పేరు కనపడలేదు. బూర్దల్ షెడ్డులో ఒక ట్రాక్టరు కింద ఉండగా రేడియో ఆ వార్త చెప్పింది. ఈసారి ట్రాక్టరులో ఇంజను ఉంది. ఈసారి ఆయన బయటికి రాలేదు. హ్యుగెట్ వచ్చి బూట్లు కనిపిస్తున్న చోట నిలబడి, "నెల టైముందిగా, భోజనానికి రా" అంది.

నెల గడిచింది. కర్వెలియే తన సీట్లో తాను కూర్చుంది. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అన్నట్టు, వాకిట్లో ఒక మాను మేయరుకు జేజేలంటుంది, రెండోది పార్లమెంటు సభ్యుడికి జేజేలంటుంది, వాటి నడుమ నిలబడ్డ మనిషి రెండూ కాడు. చెత్త పదవి కూడా ఈలోగా ఎవరో అడిగి తీసుకున్నారు. దారినపోయేవాళ్ళు పలకలు చూసి టోపీ ఎత్తి దండం పెట్టేవారు. అది మర్యాదో వేళాకోళమో తేల్చుకోలేక ఆయన కిటికీ రెక్కలు మూయించేవాడు.

ఇక మిగిలింది మేయరు కుర్చీ. రోజ్‌లిన్ మాటిచ్చింది. ఆవిడే వచ్చి, "తీసుకోవయ్యా" అంటుందని కాచుకున్నాడు. ఆవిడ రాలేదు. తీరిక లేదు ఆవిడకు. ఈయన పారిస్‌లో ఉన్న కాలంలో ఆవిడ జిల్లా ఆఫీసుకు వెళ్ళి, వంతెనల అధికారి గది బయట బెంచీమీద ఊలు అల్లుకుంటూ కూర్చునేది. "ఏం కావాలమ్మా?" అంటే "వంతెన కావాలి" అనేది. ఒక స్వెట్టరు పూర్తయి రెండోదాని చేతులు మొదలుపెట్టేసరికి వంతెనకు డబ్బు మంజూరైంది. అడక్కపోతే అమ్మయినా అన్నం పెట్టదని ఆవిడ అత్తగారింట్లో మొదటి రోజే నేర్చుకుందట. ఆ ఊపులో చర్చి గంట కూడా బాగుచేయించింది. అక్కడే వచ్చింది చిక్కు. గంట సరిగ్గా కొట్టడం మొదలుపెట్టేసరికి సగం ఊరు అన్నింటికీ పావుగంట ఆలస్యమైపోసాగింది. వంతెన బాగైనందుకు మెచ్చుకున్న నోళ్ళే గంట బాగైనందుకు తిట్టుకున్నాయి.

బూర్దల్ రోజూ కఫేలో కూర్చుని ఎవరైనా బలవంతపెడతారేమో అని చూసేవాడు.

"ఏం ఎవారిస్త్, మళ్ళీ మేయరవుతావా?"

"నేను అడగను."

"సరే అయితే" అనేవాళ్ళు, పేకముక్కలు పంచుకునేవాళ్ళు.

చివరికి హ్యుగెట్‌కు విసుగొచ్చింది. అక్రోటు కాయలతో చేసిన వైన్ సీసా ఒకటి చేతికిచ్చి, "పో, వెళ్ళి నోరు తెరిచి అడుగు. ఇంట్లో నీ మొహం చూడలేక ఛస్తున్నాను" అని తోసింది.

రోజ్‌లిన్ వంటింట్లో కాయలు పగలగొడుతోంది. బూర్దల్ వాతావరణం గురించి మాట్లాడాడు. బాతుల గురించి మాట్లాడాడు. ఆవిడ పెట్టిన అక్రోటు కేకు రెండు ముక్కలు తిన్నాడు.

"ఎవారిస్త్, మూడో ముక్క పెట్టను. ఏం కావాలో చెప్పు."

"నాకేం కావాలి… ఊరు ఏమనుకుంటుందో అని…"

"ఊరు ఇక్కడ లేదు. నువ్వూ నేనూ ఉన్నాం."

ఆయన టేబులు మీద గీత ఒకదాన్ని వేలితో రుద్దాడు. "ఇంట్లో ఉండలేకపోతున్నాను రోజ్‌లిన్. పొద్దున లేస్తే నన్ను అడగడానికి ఎవరూ రారు. ఆ కుక్కల తగాదాలైనా సరే… కుర్చీ నాకిచ్చెయ్యవూ? కావాలంటే దండం పెడతాను."

కాయ పగలగొట్టే చెయ్యి ఆగింది. ఆవిడకూ ఆ కుర్చీ తీపెక్కింది, దాచుకోవడమెందుకు. కానీ మాటంటే మాట. "దండాలెందుకులే. రేపే జిల్లా పెద్ద ప్రిఫెక్టుకి రాజీనామా రాస్తాను. కానీ ఓటు కౌన్సిల్ వేస్తుంది, నేను కాదు. వాళ్ళు ఎవరి పేరు రాస్తారో నా పూచీ లేదు."

"అది నేను చూసుకుంటాను" అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో తిరిగి, "నేనిక్కడికొచ్చానని ఎవరికీ…" అన్నాడు.

"చెప్పనులే, పో."

ఎన్నిక సాయంత్రం మేయరాఫీసు హాలు కిటకిటలాడింది. పదకొండుమంది కౌన్సిలర్లలో ఒకాయన తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. తన ఓటు వెయ్యమని ఎవరికీ రాసివ్వలేదు. ఎవరి పక్కకు రాసిచ్చినా రెండో పక్కవాళ్ళు తన ఆవుల్ని చూసిపెట్టరని ఆయన భయం. మేయరు లేనప్పుడు సభకు పెద్దగా అందరికన్నా వయసుమళ్ళిన కౌన్సిలరు కూర్చుంటాడు. మాకు ఫిర్మాన్ తాత ఉన్నాడు, ఒకప్పటి పోస్టుమాను, చెవులు తీరిగ్గా పనిచేస్తాయి.

రోజ్‌లిన్ తాను పోటీలో లేనని ముందే చెప్పింది. చిత్తం అంటూ కాగితాలు మడిచి పెట్టెలో వేశారు. విప్పి చూస్తే సగం బూర్దల్‌కు, సగం రోజ్‌లిన్‌కు. పోటీలో లేనివాళ్ళ పేరు కూడా రాయొచ్చు మరి. మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే. వంతెన మెచ్చినవాళ్ళు ఆవిడ వైపు, గంటను తిట్టినవాళ్ళు ఈయన వైపు, ఒక్కరూ కదల్లేదు. మూడోసారీ అంతే.

ఫిర్మాన్ తాత కళ్ళజోడు పెట్టుకుని చట్టం చదివాడు. "మూడోసారీ సమానమైతే, ఇద్దరిలో పెద్ద వయసువాళ్ళు నెగ్గినట్టు." చదివి, "తెలివైన చట్టం" అని తనవంతుగా చేర్చాడు.

హాలంతా బూర్దల్ వైపు తిరిగింది. ఆయనకు అరవై రెండు నిండి అరవై మూడు నడుస్తోంది. రోజ్‌లిన్ అరవయ్యో పుట్టినరోజు ఆ ఏడు మార్చిలోనే చేశారు. ఊరంతా కేకు తింది, ఉపన్యాసం కూడా బూర్దలే ఇచ్చాడు. ఇంక లెక్కేముంది? రోజ్‌లిన్ నవ్వుతూ చప్పట్లు కొట్టింది. మాట నిలబడింది, చేతులు దులుపుకోవచ్చు. తలనొప్పులు తప్పాయని కూడా అనుకుని ఉంటుంది.

బూర్దల్ లేచాడు. మీసం సర్దుకున్నాడు. చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు.

"మిత్రులారా! ఈ పదవి నేను అడగలేదు. ఎవరి గుమ్మమూ తొక్కలేదు. నా ట్రాక్టర్లేవో నేను చూసుకుంటూ ఉంటే, మీరే…"

రోజ్‌లిన్ చప్పట్లు ఆగిపోయాయి.

"ఎవరి గుమ్మమూ తొక్కలేదా?"

"అంటే… మాటవరసకి…"

"ఎవారిస్త్, నువ్వు పుట్టింది ఎప్పుడు?"

"అక్టోబరులో" అంటూ సంవత్సరం కూడా చెప్పాడు.

"నేను అదే ఏడు మార్చిలో పుట్టాను" అంది రోజ్‌లిన్.

వెనక బెంచీలోంచి ఆవిడ మొగుడు ఇరెనే లేచి రెండు చేతులూ పైకెత్తాడు. "నేను చెప్పలేదు! ఇన్నేళ్ళుగా ఒక్కడికీ చెప్పలేదు! తనే చెప్పేసింది, మీరంతా సాక్ష్యం!"

"అయితే మనం తిన్న కేకు మూడేళ్ళ నాటిదన్నమాట" అన్నాడు మార్సియాల్.

ఆవిడ మొహం చెవులదాకా ఎర్రబడింది. అయినా తల దించలేదు. "ఉన్నది చెప్పాను. నా పుట్టినరోజు ఉన్న కాగితాలు ఈ ఆఫీసులోనే ఉన్నాయి. వాటిమీద సంతకాలు నీవే ఎవారిస్త్. ఒక్కసారైనా చదివి ఉంటే నీకీ ఉపన్యాసం తప్పేది."

ఫిర్మాన్ తాతకు పక్కాయన చెవిలో విషయమంతా అరిచి చెప్పాడు. తాత రోజ్‌లిన్‌ను ఎగాదిగా చూసి, "నాకు ముందే అనుమానం. చిన్నపిల్లయితే ఇంత బుద్ధెక్కడిది?" అని, ఆవిణ్ణి మేయరుగా ప్రకటించి, కుర్చీ ఖాళీ చేశాడు.

బూర్దల్ కూర్చున్నాడు. చెయ్యింకా గుండెమీదే ఉంది, దించడం మరిచిపోయాడు. జనం చూపులు ఇప్పుడాయన మీద లేవు. ఆడవాళ్ళు వేళ్ళమీద రోజ్‌లిన్ కాన్పుల లెక్కలు కడుతున్నారు.

కొత్త మేయరు గొంతు సవరించుకుంది. "మేయరు మారితే ఉపమేయర్ల ఎన్నిక కూడా మళ్ళీ జరగాలి. మొదటి ఉపమేయరు. ఎవరైనా ఉన్నారా?"

అందరూ కప్పువైపు చూశారు. రోజ్‌లిన్ మాత్రం బూర్దల్ వైపు చూసింది. ఆయన తన నల్లటి చేతుల్ని చూసుకున్నాడు. బలవంతపెడతారేమో అని కాసేపు ఆగాడు. కిటికీలోంచి ఈగ ఒకటి వచ్చి తిరిగి వెళ్ళిపోయింది. ఎవరూ బలవంతపెట్టలేదు. గంట వర్గంలో ఒకాయన, పోనీ నేనుంటానన్నట్టు మోచెయ్యి కదిపాడు.

"నాకు…" అన్నాడు బూర్దల్.

"ఏమిటి?"

"నాకు కావాలి."

ఫిర్మాన్ తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమంటున్నాడు?"

"గట్టిగా చెప్పు ఎవారిస్త్. ఓటెయ్యాలిగా ఆయన, వినపడలేదు" అంది రోజ్‌లిన్.

వెనకనుంచి హ్యుగెట్, "అరిచెయ్యి, పరవాలేదు" అంది.

ఎవారిస్త్ బూర్దల్ లేచి నిలబడి, ట్రాక్టరు ఇంజను మోతలో పనివాళ్ళను కేకేసే గొంతుతో, "నాకు కావాలి! ఉపమేయరు పని నాకివ్వండి, నేను అడుగుతున్నాను!" అని అరిచాడు. కిటికీలు తెరిచి ఉన్నాయి. వీధికి అటుపక్క కఫే బయట కూర్చున్నవాళ్ళు గ్లాసులు పట్టుకునే లేచి నిలబడ్డారు.

"ఆ మాత్రం దానికి అంత అరుపెందుకు?" అన్నాడు ఫిర్మాన్ తాత. కలం మూత తీసి, ఎవరికీ కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కాగితంమీద రాయడానికి వంగాడు.